నూలు చీర పాతబడిన తరువాత

మా అమ్మమ్మ గారింట్లో నూలు చీరలు పాతబడేవే గాని పనికిరాకుండా పోయేవి కావు. కొన్న కొత్తలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ, తరువాత ఊళ్లో తిరగడానికీ, ఆ తరువాత ఇంట్లో పనిపాటలు చేసుకునేటప్పుడు కట్టడానికీ వాడుకలో ఉండి, చివరకు కట్టుకోవడానికి వీలులేనంతగా పలచబడ్డాక చీరకు రెండో జీవితం మొదలయ్యేది. ఆ రెండో జీవితం చాలాసార్లు మొదటి దానికంటే ఎక్కువ కాలం సాగేది. గుంటూరు జిల్లాలో, 1970లలో మా బాల్యం గడిచిన ఆ ఇంట్లో దుప్పట్లు, బొంతలు, పసిపిల్లల పొత్తిళ్లు, ఉయ్యాలలు, జాడీల వాసెనలు, వడియాల గుడ్డలు, మసిగుడ్డలు అన్నీ ఏదో ఒక కాలంలో ఎవరో ఒకరు కట్టిన చీరలే. దీన్ని పొదుపు అని మాత్రమే చెబితే ఆ పనికి న్యాయం జరగదని నాకు గట్టిగా అనిపిస్తుంది. డబ్బుకు ఇబ్బంది ఉండటం నిజమే. అయితే ఏ గుడ్డలో ఎంత సత్తువ మిగిలిందో, ఆ సత్తువ ఏ పనికి సరిపోతుందో తెలుసుకునే చదువు ఒకటి అమ్మమ్మ చేతుల్లో ఉండేది. నేను రాయదలచుకున్నది ఆ చదువు గురించే.

చీరల పెట్టె దించిన రోజున అమ్మమ్మ ఒక్కొక్క చీరనూ విప్పి, వీధి గుమ్మంలో నిలబడి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసేది. చీర ఒళ్లంతా ఒకే తీరుగా అరగదు. నేలకు రాసుకునే కుచ్చిళ్ల అడుగుభాగం, కూర్చున్నప్పుడు ఒత్తిడి పడే చోటు, నడుము దగ్గర దోపుకునే చోటు ముందుగా పలచబడతాయి. లోపలి చుట్టూ పమిట భాగమూ చాలాకాలం గట్టిగానే ఉంటాయి. అంచు నేతలో పడుగు పోగులు, అంటే నిలువు పోగులు, దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక ఒళ్లు చివికిపోయాక కూడా అంచు నిలబడుతుంది. వెలుతురులో చూడటం అయ్యాక గుడ్డను రెండు చేతుల బొటనవేళ్లతో నొక్కిపట్టి, ముందు నిలువుగా, తరువాత అడ్డంగా లాగి చూసేది. పోగులు కదలకుండా నిలిస్తే ఒక కుప్పలో, పోగులు జరిగి సందులు పడితే ఇంకొక కుప్పలో, చిన్నగా చిరుగు చప్పుడు వినిపిస్తే మూడో కుప్పలో వేసేది. “దీనికింకా ఓపిక ఉందమ్మాయ్, దుప్పటికి ఉంచు” అనో, “ఇది పొత్తిళ్లకు పదునుకొచ్చింది” అనో మా అమ్మతో చెబుతూ ఉంటే, మేము పిల్లలం ఆ కుప్పల మధ్య కూర్చుని ఏ చీర ఏ పిన్నిదో, ఏ అత్తదో గుర్తుపట్టే ఆట ఆడుకునేవాళ్లం.

ఇంట్లోకి వచ్చే చీరలు ఎక్కువగా మంగళగిరి, చీరాల నేతవి. అమ్మమ్మ నూలు నంబరు అడిగి మరీ కొనేది. ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగితే ఆ నూలుకు అంత నంబరు. అంటే నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. 40 నంబరు నూలుతో నేసిన చీర కొంచెం మోటుగా, బరువుగా ఉంటుంది. 80, 100 నంబర్ల చీరలు పలుచగా, చల్లగా ఉంటాయి. కట్టుకునేటప్పుడు ఈ తేడా ఒంటికి తెలుస్తుంది, కానీ అమ్మమ్మ దృష్టిలో అది చీర పాతబడ్డాక వచ్చే పనిని కూడా ముందే నిర్ణయించేది. మోటు నూలు చీర ఉయ్యాలకూ, బొంత పైపొరకూ పోతుంది. సన్న నూలు చీర పసిబిడ్డల ఒంటికీ, వడపోతకూ పోతుంది. కొనే రోజునే ఇంత ముందుచూపుతో కొనేవాళ్లు ఇప్పుడు ఎవరైనా ఉన్నారో లేదో గాని, ఆమె తీరు అది.

కట్టుకునే చీర చిరిగిన వెంటనే దాన్ని కత్తిరించేవాళ్లు కాదు. ముందు మాసిక వేసి చూసేవాళ్లు. చిరుగు పెద్దదై మాసికకు లొంగకపోతే, చివికిన మేర అడ్డంగా కత్తిరించి తీసేసి, మిగిలిన రెండు తునకలనూ కలిపి కుట్టి, ఆ కుట్టు కుచ్చిళ్లలోకి వెళ్లేలా కట్టుకునేవాళ్లు. అది కూడా సాగనప్పుడు చీర దుప్పటి అయ్యేది. ఐదున్నర మీటర్ల చీరను సగానికి కత్తిరించి, రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి అంచుకు అంచు కలిపి కుడితే, ఇద్దరు పిల్లలు కప్పుకుని ఇంకా మిగిలే దుప్పటి వస్తుంది. రెండు అంచులూ మధ్యలోకి రావడం వల్ల దుప్పటికి నడిమిన గట్టి పట్టీ ఏర్పడి చిరుగుళ్లు పాకకుండా ఆపుతుంది. వేసవి రాత్రుళ్లు డాబా మీద పడుకున్నప్పుడు కప్పుకోవడానికి అంతకు మించిన గుడ్డను నేను ఇప్పటికీ చూడలేదు. దోమ కుట్టకుండా కాపాడుతుంది, గాలిని మాత్రం ఆపదు. అమ్మమ్మ వాళ్ల అమ్మగారి తొమ్మిది గజాల చీరలైతే ఒక్కొక్కటి దుప్పటి పోను, రెండు తలగడ గలీబులకు కూడా సరిపోయేవి.

పమిట భాగం గట్టిగా, రంగు దిగకుండా ఉంటే అది ఆడపిల్లల పరికిణీకి కేటాయింపు. అంచును అడుగున వచ్చేలా పెట్టి, పిల్ల ఎదిగేకొద్దీ విప్పుకోవడానికి వీలుగా లోపలికి ఒక మడత వేసి కుట్టేవాళ్లు. మా అక్క పరికిణీ నాకు వచ్చేసరికి ఆ మడత గీత అడ్డంగా ముదురు రంగులో కనిపించేది, ఎందుకంటే మడతలో దాగిన గుడ్డ ఎండకు వెలియలేదు. ఆ గీత నాకు చాలా ఇష్టంగా ఉండేది.

చివికిన చీరల నుంచి విప్పదీసిన అంచులన్నీ వేరే మూటలో ఉండేవి. సంచులకు పట్టీలుగా, లంగాలకు బొందులుగా, విసనకర్రల చుట్టూ కుట్టడానికి, తెరల పైన తీగ దూర్చే గొట్టంగా, మంచం నవారు తెగినచోట అతుకుగా ఆ మూటలోంచి ఎప్పుడూ ఏదో ఒకటి తీస్తూనే ఉండేవాళ్లు.

ఇంట్లో కాన్పు ఉందంటే ఆ కుప్పల్లో పొత్తిళ్ల కుప్పకు గౌరవం వచ్చేది. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ వేయకూడదన్నది మా ఇళ్లలో గట్టి పట్టింపు. ఆ పట్టింపు వెనక గుడ్డ గురించిన తెలివి ఉంది. కొత్త గుడ్డలో నేతకు పట్టించిన గంజి ఉంటుంది, రంగు ఇంకా పూర్తిగా కుదురుకుని ఉండదు, పోగు గరుకుగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఉతికిన సన్న నూలు చీరలో ఆ గంజి ఆనవాలు కూడా మిగలదు, పత్తి పోగు మీద సహజంగా ఉండే మైనం కూడా చాలావరకు పోతుంది, పోగుల కొసలు విచ్చుకుని మెత్తబడతాయి, తడి తగిలిన వెంటనే గుడ్డ పీల్చుకుంటుంది. అలాంటి చీరను చదరపు ముక్కలు చేసి, వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, మడతలు పెట్టి ఉంచేవాళ్లు. ఉయ్యాల లెక్క వేరు. దూలానికి ఉన్న కొక్కేనికి చీర రెండు కొసలనూ ముడివేస్తే కింద ఏర్పడే ఒడిలో బిడ్డ పడుకుంటుంది. బరువంతా ముడి దగ్గర పడుతుంది. అందుకని ఉయ్యాలకు పలచబడిన చీరను అమ్మమ్మ ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. మోటు నూలు చీరనే కట్టించి, ముడిచోటు తరచు మార్పించి, మార్చిన ప్రతిసారీ తన రెండు చేతులతో కిందికి బలంగా గుంజి చూసిన తరువాతే బిడ్డను వేయనిచ్చేది.

ఆడవాళ్ల నెలసరి గుడ్డలు కూడా ఈ చీరల్లోంచే వచ్చేవి. ఆ రోజుల్లో దీన్ని గురించి పైకి మాట్లాడేవాళ్లు కాదు, కానీ పాత చీర గురించి రాస్తూ ఈ సంగతి వదిలేస్తే ఆడవాళ్ల జీవితంలో ఒక ముఖ్యమైన భాగాన్ని దాచినట్టే అవుతుంది. గుడ్డ మెత్తగా ఉండటం, పీల్చుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని సబ్బుతో ఉతికి నేరుగా ఎండ తగిలేలా ఆరబెట్టడం అంత ముఖ్యం. చాలా ఇళ్లలో సిగ్గు కొద్దీ ఆ గుడ్డలను చీకటి మూలల్లో, వేరే బట్టల అడుగున ఆరేసేవాళ్లు. పూర్తిగా ఆరని గుడ్డ వల్ల ఆడవాళ్లు పడిన బాధ తక్కువేమీ కాదు. మా అమ్మమ్మ ఈ విషయంలో పెరటి గోడ వెనక ఎండపడే చోట ప్రత్యేకంగా ఒక తీగ కట్టించింది. అందుకు నేను ఆమెకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

ఇక బొంత. పాత చీరలతో చేసే పనులన్నిటిలోనూ నాకు అన్నిటికంటే ప్రియమైనది ఇదే. పొలం పనులు తగ్గిన వేసవిలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, సావిడి కడిగి ఆరిన నేల మీద బొంత పరిచేవాళ్లు. అన్నిటికంటే అడుగున మోటు నూలు చీర, గట్టిది. దాని మీద లోపలి పొరలు. లోపలి పొరలకు చిరిగిన చీరలు, తాతయ్య పాత పంచెలు, చిన్న చిన్న ముక్కలు కూడా పనికొచ్చేవి, కానీ వాటిని పేర్చడంలో పద్ధతి ఉంది. ఒక పొరలో చిల్లు ఉన్నచోట దాని పైపొరలో గట్టి గుడ్డ రావాలి; ముక్కల అతుకులు ఒకదాని మీద ఒకటి పడకూడదు, పడితే అక్కడ గడ్డకట్టినట్టయి పడుకున్నప్పుడు ఒత్తుతుంది. నాలుగైదు పొరలయ్యాక పైన మళ్లీ గట్టి చీర, కంటికి ఇంపైన రంగుది పరిచేవాళ్లు. తరువాత నడిమి నుంచి అంచుల వైపుకు అరచేతులతో సర్దుతూ వెళ్లాలి. అంచుల నుంచి నడిమికి సర్దితే ముడతలన్నీ మధ్యలో చిక్కుకుంటాయి. సర్దుతూనే నాలుగు మూలలకూ పెద్ద పెద్ద కుట్లతో తాత్కాలికంగా ఆపేవాళ్లు.

అసలు కుట్టు అప్పుడు మొదలయ్యేది. దానికి కావలసింది మామూలు పరుగు కుట్టే, కానీ అన్ని పొరలనూ దాటుకుని సూది అవతలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. పలుచని బొంతకు పెద్ద సూది, మందపు బొంతకు దబ్బనం. నూలు దారాన్ని నాలుగు పేటలు కలిపి పేని, మైనం ముక్క మీద లాగితే పొరల మధ్య జారుతూ వెళుతుంది, చిక్కుపడదు. బొంత నాలుగు పక్కలా నలుగురు ఆడవాళ్లు కూర్చుని అంచు వెంబడి కుట్టుకుంటూ బయలుదేరితే, చదరం లోపల చదరంగా కుట్టు వరసలు నడిమికి చేరేవి. వరసకూ వరసకూ మధ్య బెత్తెడు ఎడం పెడితే బొంత మెత్తగా, బొద్దుగా ఉంటుంది. రెండు వేళ్ల ఎడమే పెడితే గట్టిగా, పలకబారి ఉంటుంది గాని ఎక్కువ ఏళ్లు వస్తుంది. అమ్మమ్మ పెద్దవాళ్ల బొంతలకు మొదటి పద్ధతి, రోజూ ఉతకవలసిన పసిపిల్లల బొంతలకు రెండో పద్ధతి పాటించేది. సూదిలో దారం ఎక్కించడం, కూర్చున్నవాళ్ల మోకాళ్ల కింద నలిగిన గుడ్డను సర్దడం మా పిల్లల పని. కుట్టు సాగుతున్నంతసేపూ ఆ చీరల కథలు నడిచేవి. ఇది ఫలానా వాళ్ల పెళ్లికి పెట్టిన చీర, ఇది మీ అమ్మ నిన్ను ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు కట్టుకున్నది అని చెబుతూ, ఆ చీర మీదుగానే దబ్బనం దింపేవాళ్లు. మా బంధువుల్లో ఎవరికి ఎప్పుడు పెళ్లయిందో, ఎవరికి ఏ కష్టం వచ్చిందో నాకు తెలిసింది చాలావరకు ఆ బొంతల చుట్టూనే.

బొంత వెచ్చదనం గుడ్డల బరువు వల్ల వస్తుందని అనుకుంటాం గాని, పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి వల్లే అది ఎక్కువగా వస్తుంది. ఒకే మందపు గుడ్డ కంటే పలుచని గుడ్డలు నాలుగైదు కలిపి కుట్టినది వెచ్చగా ఉండటానికి కారణం అదే. వాడగా వాడగా పైపొర చిరిగితే బొంతను పారేయరు. దానికి అటూ ఇటూ మరో రెండు చీరలు వేసి మళ్లీ కుడతారు. అలా పాత బొంత కొత్త బొంతకు లోపలి పొర అవుతుంది. మా ఇంట్లో అన్నిటికంటే బరువైన బొంత ఒకటి ఉండేది. దాని పైపొర ఒకచోట చిరిగినప్పుడు కింద ఇంకొక పాత పైపొర, అది చిరిగినచోట దాని కింద అమ్మమ్మ వాళ్ల అమ్మగారి తొమ్మిది గజాల చీర కనిపించేవి. దాన్ని తడిపితే ఇద్దరు పట్టినా లేవదు. చెరువుకు తీసుకెళ్లి, బండ మీద తొక్కి ఉతికి, గట్టు మీదే ఆరబెట్టుకుని తెచ్చేవాళ్లు.

వంటింట్లో పాత చీరకు ఉన్న పనులు చెప్పుకుంటే ఆవకాయ జాడీ ముందు నిలబడుతుంది. జాడీ మూత పైన ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డతో వాసెన కట్టి, మెడ చుట్టూ అంచు ముక్కతో బిగించేవాళ్లు. దుమ్మూ చీమా లోపలికి పోవు. ఆవిరి కుడుము వండాలన్నా అంతే, సగం నీళ్లు పోసిన గిన్నె మూతికి తడి గుడ్డ బిగించి, దాని మీద పిండి పోసి పైన మూత పెడితే, ఆవిరి గుడ్డలోంచి పైకి వచ్చి పిండిని ఉడికిస్తుంది. వేసవిలో వడియాలకు పరిచేది కూడా పాత చీరే. డాబా మీద తడిపిన చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, పిండి వడియాలు పెట్టేవాళ్లు. ఎండిన తరువాత చీరను తిరగేసి, వెనక నుంచి నీళ్లు చిలకరించి కాసేపు ఆగితే, నూలు ఆ తడిని పీల్చుకుని వడియం అడుగును వదిలిస్తుంది. అప్పుడు వేలితో తడితే విరగకుండా ఊడి వస్తాయి. కొత్త గుడ్డ మీద ఇంత సుఖంగా రావు, పాలియెస్టర్ గుడ్డ వెనక నీళ్లు చల్లితే జారిపోవడమే తప్ప ఇంకటం ఉండదు.

నీళ్ల బిందె మూతికి మడత పెట్టిన చీర ముక్క వేసి వడపోయడం మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఈ అలవాటు విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రీటా కాల్వెల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల్లో చేసిన పరిశోధన ఫలితాలు 2003లో వెలువడ్డాయి. పాత చీర గుడ్డను కనీసం నాలుగు మడతలు వేసి, చెరువు నీళ్లనూ నది నీళ్లనూ వడపోసుకున్న గ్రామాల్లో కలరా 48 శాతం తగ్గింది. కలరా క్రిమి ఒక్కటే అయితే గుడ్డ సందుల్లోంచి తేలికగా దాటిపోతుంది. కానీ అది నీళ్లలో తిరిగే చాలా చిన్న జీవులను అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ జీవులు మడతల్లో చిక్కుకుంటాయి. ఈ పనికి కొత్త చీర కంటే పాత చీరే మేలని కూడా ఆ పరిశోధకులు గమనించారు, ఎందుకంటే ఉతికి ఉతికి విచ్చుకున్న పోగులు సందులను మరింత చిన్నవి చేస్తాయి. వడపోతతో నీళ్లు పూర్తిగా శుభ్రం కావు, కాచుకోవలసిన అవసరం తీరదు. అయినా, మా అమ్మమ్మ బిందె మీద వేసిన ఆ వెలిసిన ముక్క ఎన్ని ప్రాణాలకు అడ్డం నిలిచి ఉంటుందో అనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ తరువాతి మెట్లు త్వరత్వరగా దిగేవి. గిన్నెలు దించే మసిగుడ్డ, నెత్తి మీద బిందె నిలిపే చుట్టకుదురు, చిక్కుడు తీగను పందిరికి కట్టే పేలికలు, అలుకు గుడ్డ. అలుకు గుడ్డ కూడా పీలికలై చేతికి రానప్పుడు పెరట్లోని పెంటకుప్ప మీద పడేది. నూలు పత్తి నుంచి వచ్చిందే కనుక పేడతో, చెత్తతో కలిసి కుళ్లి, వచ్చే ఏడాది ఎరువుగా పొలానికి వెళ్లిపోయేది.

పట్టు చీరలకు ఈ దారి లేదు. పట్టు తడిస్తే నూలులా గట్టిగా నిలవదు, ఉతుకులకు ఆగదు, ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ మడత వెంబడే చీలిపోతుంది. అందుకే అమ్మమ్మ ఏటా వాటిని విప్పి, నీడలో ఆరబెట్టి, మడత మార్చి పెట్టేది. చీలిన పట్టు చీర గట్టి భాగం పిల్లల పట్టు లంగా అయ్యేది, మిగిలింది జరీ కొనేవాళ్లకు. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ సన్నని వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు; పాత జరీ కొనేవాళ్లు ఆ అంచులను కాల్చి, మిగిలిన వెండిని కరిగించి తీసుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఇది ఒక్కటే మా ఇంట్లో చీర బయటికి వెళ్లే సందర్భం. అలా వెళ్లేటప్పుడు అమ్మమ్మ ముఖం నాకు గుర్తుంది. ఆమెకు అది నచ్చేది కాదు.

1980లలో మా ఇంట్లోకి పాలియెస్టర్ చీరలు వచ్చాయి. వాటిని నేను తప్పు పట్టలేను. గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఉతికి తీగ మీద వేస్తే అరపూటలో ఆరిపోతాయి, రంగు దిగదు. ఇంటి చాకిరీతో పాటు ఉద్యోగం కూడా చేసిన మా అమ్మకు అవి ఎంతో ఊరటనిచ్చాయి. కానీ ఆ చీరలు పాతబడ్డాక అమ్మమ్మ కుప్పలు చేయడానికి కూర్చుంటే ఒక్క కుప్పలోనూ అవి ఇమడలేదు. నూలు మామూలు గాలిలోనే తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టుకుంటుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. కాబట్టి అది పొత్తిళ్లకు పనికిరాదు, తుడవడానికి పనికిరాదు, వడియాలకు పనికిరాదు. సుమారు 250 డిగ్రీల వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది కనుక పొయ్యి దగ్గర మసిగుడ్డగా వాడటం ప్రమాదం. బొంతలో వేస్తే పొరలు జారిపోతాయి, కప్పుకుంటే చెమట పట్టిస్తుంది. పెంటకుప్పలో వేసినా కుళ్లదు. సరిగ్గా ఆ కాలంలోనే పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు వీధుల్లోకి ఎక్కువగా రావడం మొదలైంది. నాలుగు చీరలు ఇస్తే ఒక గిన్నె, మరో రెండు వేస్తే మూత. మా అమ్మ పాలియెస్టర్ చీరలు సంతోషంగా వాళ్లకు ఇచ్చేసింది. ఆ బేరాల్లో నూలు చీర ఒక్కటి కూడా కలవకుండా అమ్మమ్మ గుమ్మంలోనే కూర్చుని కాపలా కాసేది.

ఇతర ప్రాంతాల ఆడవాళ్లు కూడా ఇదే చదువును తమ తమ తీరులో చదువుకున్నారు. బెంగాల్‌లో పాత చీరల పొరలను కలిపి కుట్టే కాంథాకు, ఆ చీరల అంచుల్లోంచి లాగిన రంగు దారాలనే వాడేవాళ్లు. బిహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది అనే పేర్లతో మన బొంతకు అక్కచెల్లెళ్లు ఉన్నాయి. కాంథాకు దేశవిదేశాల్లో పేరు వచ్చింది, ప్రదర్శనశాలల్లో చోటు దొరికింది. మన బొంత మాత్రం అటక మీదే ఉండిపోయింది. మన కుట్టు అంత అందంగా ఉండదని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. పువ్వులూ లతలూ కుట్టలేదన్న మాట నిజమే, కానీ చదరం లోపల చదరంగా సాగే ఆ కుట్టు వరసల్లో ఉన్న నిదానం నాకు ఏ పూల పని కంటే తక్కువగా కనిపించదు. మరోవైపు 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ, నగరాల్లో పోగయ్యే పాత నూలు బట్టలను శుభ్రపరచి నెలసరి గుడ్డలుగా, బొంతలుగా కుట్టించి గ్రామాలకు చేరుస్తోంది. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చిందని పత్రికలో చదివినప్పుడు పెరటి గోడ వెనక అమ్మమ్మ కట్టించిన తీగ గుర్తొచ్చి చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కుప్పలు చేసే పని నాది. ఈ రోజుల్లో నూలు చీర అని అమ్మేవాటిలో కూడా పాలియెస్టర్ కలుస్తోంది కాబట్టి, వెలుతురులో చూసి లాగి చూడటానికి ముందు ఇంకొక పరీక్ష చేస్తున్నాను. చీర కొస నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని వెలిగిస్తే, నూలైతే కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది; పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి నలిపితే పొడి అవుతుంది; పాలియెస్టర్ అయితే ముడుచుకుని, కరిగి, గట్టి పూసగా మిగులుతుంది. పడుగు పోగునూ అడ్డంగా వచ్చే పేక పోగునూ వేరువేరుగా చూడాలి, కొన్ని చీరల్లో ఒకటి నూలు, ఇంకొకటి కలిపిన నూలు ఉంటోంది. నూలు అని తేలినవాటిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఫాల్ ఊడదీసి, ఆరాక అంచులు విప్పి మూటలో వేస్తాను. ఫాల్ తరచు వేరే రకం గుడ్డతో ఉంటుంది, దాన్ని బొంతలో కలపకూడదు.

మా కోడలు మొదట్లో ఈ మూటలను చూసి మొహమాటంగా ఊరుకునేది. మనవరాలు పుట్టినప్పుడు బజారులో కొన్న గుడ్డలకు బిడ్డ ఒళ్లు ఎర్రబడితే, తనే వచ్చి, “అత్తయ్యా, మీ దగ్గర మెత్తటి పాత చీరలున్నాయన్నారు కదా” అని అడిగింది. ఆ రోజు నేను పొందిన సంతోషం చెప్పలేను. సన్న నూలు చీర తీసి, ఉడికించి, ఆరబెట్టి, కత్తెర తన చేతికిచ్చాను. ఎక్కడ కత్తిరించాలో గుడ్డను వెలుతురుకు పట్టి తనే చూసుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు పిల్లకు నడక వచ్చింది, పొత్తిళ్లు మసిగుడ్డలుగా మారాయి, నా తరువాతి పని పిల్లకు బొంత కుట్టడం. లోపలి పొరలకు కావలసినవి ఉన్నాయి. అడుగుపొరకు మా అమ్మ కట్టిన మంగళగిరి చీర ఉంది. పైపొరకు మాత్రం గట్టి మోటు నూలు చీర ఇంకా దొరకలేదు. మా అక్క దగ్గర ఒక ముదురాకుపచ్చ చీర ఉందని, అది ఇంకా కట్టుకుంటోందని తెలిసింది. కట్టడం మానేసిన రోజున ఎవరికీ ఇవ్వవద్దని, చిరిగినచోట తనే మాసిక వేయవద్దని, ఉన్నది ఉన్నట్టు నాకే పంపమని ఫోన్ చేసి చెప్పాను. దసరాకు వచ్చేటప్పుడు తెస్తానంది. మైనం, దారం, దబ్బనం సిద్ధంగా ఉంచుకున్నాను.